పట్టా ఉన్న పాట, పట్టా లేని పాట

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో పెండ్లికి డీజే బండి వచ్చిందంటే స్మిత పాడిన 'మసక మసక' రీమిక్స్ ఇప్పటికీ ఒకసారైనా మోగుతుంది. దానికి ముందు ఒక బంజారా పాట, దాని తర్వాత యూట్యూబులో పేరుకొచ్చిన ఒక జానపదం. ఎగిరే పిల్లలకు మూడూ ఒకటే. మూడూ పాత పాటలే, కింద పెట్టిన దెబ్బ ఒక్కటే కొత్తది. మేము మాత్రం ఆ మూడింటినీ ఒకే గాటన కట్టలేం. మొదటి పాటకు పట్టా ఉంది, మిగతా రెండింటికీ లేదు. భూమి సంగతిలో ఈ తేడా ఎంత దూరం పోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాట సంగతిలో కూడా అంతే దూరం పోతుందని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు స్మిత ఆల్బం దగ్గరే ఆగుదాం. తెలుగులో పాట అంటే సినిమా పాటే అనుకునే కాలంలో, సినిమాతో పనిలేకుండా ఆల్బం వేయాలని చూసినవాళ్లు కొద్దిమందే. 1996లో రమణ గోగుల ఒకటి తెచ్చారు. ఆ తర్వాత స్మిత వచ్చారు. విజయవాడ అమ్మాయి, ఈటీవీ 'పాడుతా తీయగా' వేదిక మీద పాడి వచ్చిన గొంతు. ఆమె తొలి ఆల్బం 'హాయ్ రబ్బా' కొత్త పాటలతో వచ్చింది. ఆ తర్వాత ఆమె వెనక్కి తిరిగి పాత సినిమా పాటలను పట్టుకున్నారు. వాటికి కొత్త తాళం వేసి, వీడియో తీసి వదిలారు. అందులో జనం నోట నిలిచింది 'మసక మసక'.

ఆ పాట అసలు 1973 నాటిది. ఎన్టీఆర్, కృష్ణ కలిసి నటించిన 'దేవుడు చేసిన మనుషులు' సినిమాలోది. సంగీతం రమేశ్ నాయుడు, గొంతు ఎల్.ఆర్. ఈశ్వరి. ఈశ్వరి పేరు ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడానికి కారణం ఉంది. ఆ కాలపు సినిమాలో గొంతులకూ అంతస్తులు ఉండేవి. హీరోయిన్ పాడాలంటే సుశీల, జానకి. క్లబ్బులో ఎగిరే అమ్మాయి, దొంగల ముఠాలో ఆడే అమ్మాయి పాడాలంటే ఈశ్వరి. బృందగానంలో ఒక గొంతుగా మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి ఆమె. తల్లి కూడా కోరస్‌లో పాడినామెనే. తమిళనాడులో అమ్మవారి జాతర వచ్చిందంటే మైకులో మోగేదీ ఈశ్వరి పాటలే. క్లబ్బు పాట, మారెమ్మ పాట ఒకే గొంతులోంచి వచ్చాయి. మన బోనాలు, మన జాతరలు చూసినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనపడదు. వింతగా తోచేది సినిమా పెద్దలకే.

స్మిత చేసిన పని ఇక్కడే మాకు నచ్చింది. కథలో పక్కన నిలబెట్టిన పాటను ఆమె నడిమధ్యకు తెచ్చారు. తెర మీద వేరే మనిషి పెదవులు కదపలేదు. పాడినామెనే కనపడింది, ఆడింది. 1973లో ఆ పాటలో పెదవి ఒకరిది, గొంతు ఇంకొకరిది. రీమిక్స్‌లో రెండూ ఒకరివే అయ్యాయి. ఆడపిల్ల ముందుకొచ్చి, ఇది నా పాట అన్నట్టు పాడటం అప్పటి తెలుగు టీవీలో చిన్న సంగతేమీ కాదు.

పాటగా చూస్తే మాత్రం మాకు పాతదే ఎక్కువ. ఈశ్వరి గొంతులో ఒక విరుపు ఉంటుంది. మాట చివర ఊపిరి వదిలే తీరులో, నవ్వు దాచుకున్నట్టు ఆగే తీరులో ఒక అల్లరి ఉంటుంది. అది తాళానికి ఒక వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది. అందుకే చెవి దాని వెంట పోతుంది. రీమిక్స్‌లో తాళం యంత్రానిది. దెబ్బ దెబ్బకీ మధ్య దూరం గీత గీసినట్టు ఉంటుంది. దాని మీద పాడే గొంతు కూడా గీత మీదే నడవాలి. స్మిత గొంతు శుభ్రమైన గొంతు. 2005లో 'అనుకోకుండా ఒక రోజు' సినిమాకు కీరవాణి దగ్గర పాడిన పాటలో ఆమె ఎంత పలికించగలరో తెలుస్తుంది. రీమిక్స్‌లో ఆ పలికించే చోటు ఆమెకే దొరకలేదు. ఎగరడానికి ఆ పాట మంచిదే. కూర్చొని వినడానికి మేము ఈశ్వరి దగ్గరికే పోతాం.

ఒక లోటు ఇంకా ఉంది. స్మిత పాట విన్న లక్షలమందిలో అది ఫలానా సినిమాలోదని ఎరిగినవాళ్లు కొందరు ఉంటారు. ఈశ్వరి పాడిందని చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. పేరు క్యాసెట్టు డబ్బా మీద ఉండవచ్చు, నోళ్ల మీద లేదు. ఇది తెలుగువాళ్లకే ఉన్న జబ్బు కాదు. 2024 నవంబర్ 30న ముంబైలో దువా లిపా అనే ఇంగ్లండు గాయని తన పాటలో 1999 నాటి 'బాద్షా' సినిమా పాటను కలిపి వినిపించింది. జనం షారుఖ్ ఖాన్, షారుఖ్ ఖాన్ అని ఊగిపోయారు. ఆ పాట పాడిన అభిజీత్ భట్టాచార్య, మా పేరెందుకు ఎత్తరు అని బహిరంగంగానే బాధపడ్డారు. ఆయన అన్నది న్యాయమే.

ఆ దువా లిపా ఆల్బం గురించి నాలుగు మాటలు చెప్పాలి. పాత పాటను కొత్తగా చేయడంలో పట్టా లెక్క ఎట్లా నడుస్తుందో అక్కడ బాగా కనపడుతుంది. ఆమె రెండో ఆల్బం 'ఫ్యూచర్ నాస్టాల్జియా' 2020 మార్చి 27న వచ్చింది. సరిగ్గా మన దగ్గర లాక్‌డౌన్ మొదలైన వారం. బడులు మూతబడి పిల్లలు ఫోన్లకు అతుక్కున్న ఆ రోజుల్లోనే అందులోని 'లెవిటేటింగ్' లాంటి పాటలు రీల్స్ దారిన మన ఊళ్లకూ వచ్చాయి. ఆల్బం పేరుకు అర్థం, రాబోయే కాలంలో నిలబడి పోయిన కాలం మీద బెంగపడటం. పాటలన్నీ 1970ల డిస్కో, 1980ల పాప్ తీరులో కట్టినవి. పదకొండు పాటలు, నలభై నిమిషాలు కూడా నిండవు. ఒక్క పాట బరువుగా తోచదు. పాతను నకలు కొట్టకుండా పాత నడకను మాత్రం తీసుకున్నారు. గిటారు మీటు, బేసు ఉరుకు అన్నీ మనుషులు వాయించినట్టే వినపడతాయి. 'మసక మసక' రీమిక్స్‌లో మాకు దొరకనిది ఇందులో దొరికింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఆ ఆల్బంలో 'లవ్ ఎగెయిన్' అనే పాట ఉంది. దాంట్లో ఒక బూర స్వరం వస్తుంది. అది 1932లో ల్యూ స్టోన్ బృందంతో అల్ బౌలీ పాడిన 'మై ఉమన్' పాటలోది. 1997లో ఇంకో గాయకుడు దాన్ని వాడి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2020లో దువా లిపా తీసుకుంది. అప్పటికి ఆ స్వరానికి ఎనభై ఎనిమిదేండ్లు. అయినా 1932లో ఆ పాట కట్టినవాళ్ల పేర్లు ఈ పాట రచయితల వరుసలో ఉన్నాయి. అదే ఆల్బంలో 'బ్రేక్ మై హార్ట్' అనే పాట ఒక ఆస్ట్రేలియా బృందపు 1987 నాటి పాటను పోలి ఉందని, ఆ ఇద్దరు రచయితల పేర్లూ చేర్చారు. వాళ్లలో ఒకరు 1997లోనే చనిపోయారు. చనిపోయినా పేరు చావలేదు, వాటా చావలేదు.

అక్కడ కూడా అంతా న్యాయం జరిగిందని కాదు. డిస్కో నడకను పుట్టించింది 1970ల న్యూయార్క్ క్లబ్బుల్లో ఎగిరిన నల్లవాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు. 1979 జులై 12న షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్ప పోసి పేల్చేశారు. ఏది పనికిరాదని పేల్చారో అదే నలభై ఏండ్ల తర్వాత మళ్లీ అందమైంది. బూర స్వరానికి పట్టా దొరికింది కానీ, ఎగిరే నడకకు పట్టా లేదు. చట్టంలో రాగానికి, మాటకు హక్కు ఉంటుంది. ఒక జాతి ఒంట్లో ఉన్న తాళానికి ఉండదు. ఈ ముక్క మనం గుర్తు పెట్టుకోవాలి, కిందికి పోయిన కొద్దీ అవసరమవుతుంది.

మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసినవారికి, కట్టినవారికి వాళ్లు బతికినంత కాలం, ఆ పైన అరవై ఏండ్లు హక్కు. రికార్డుకు అరవై ఏండ్లు. 1973లో విడుదలైన పాట రికార్డు 2033 చివరిదాకా ఒకరి సొత్తే. రమేశ్ నాయుడు 1987లో పోయారు. ఆయన కట్టిన బాణీ మీద హక్కు 2047 దాకా ఉంటుంది. 2012లో చట్టం సవరించేదాకా, రెండేండ్లు దాటిన పాటను నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టి వేరేవాళ్లతో పాడించుకునే వీలుండేది. ఇప్పుడు ఐదేండ్లు దాటాలి. ఊరూరా క్యాసెట్లు అమ్ముడుపోయిన కాలంలో వేరే గొంతుల పాత పాటలు అంత చవకగా దొరకడానికి ఆ రెండేండ్ల సందే కారణం.

పట్టా ఉన్నంత మాత్రాన దున్నినవాడి ఇంటికే పంట వస్తుందని కాదు. పాట పట్టాలు ఎక్కువగా కంపెనీల చేతుల్లో ఉంటాయి. గాయకులకు రాయల్టీలో వాటా చట్టపరంగా గట్టిపడింది 2012 తర్వాతనే. ఈశ్వరి లాంటివాళ్లు తమ వయసంతా పూట కూలికి పాడినట్టే పాడారు. అయినా పట్టా ఉన్న భూమి గురించి కనీసం కోర్టుకు పోవచ్చు. పట్టా లేని భూమి గురించి ఎక్కడికి పోవాలె? ఇదివరకు పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. ఎవరి పేరు మీద ఉన్నా, దున్నుతున్నది ఎవరో అందులో రాసేవాళ్లు. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ కాలమ్ తీసేశారు. పోడు చేసుకునేవాళ్లకు, కౌలుకు చేసేవాళ్లకు అది ఎంత దెబ్బో ఇక్కడ చదివేవాళ్లకు తెలుసు. పాటకు అసలు ఆ కాలమే ఏ రోజూ లేదు.

2021లో 'సారంగ దరియా' పాట వచ్చినప్పుడు ఇది బయటపడింది. 'లవ్ స్టోరీ' సినిమా. రాసింది మన నల్లగొండ మట్టి మనిషి సుద్దాల అశోక్‌తేజ. పాడింది మంగ్లి, అనంతపురం వైపు తండా బిడ్డ. బాణీ పవన్. పాట వచ్చిన వెంటనే వరంగల్ వైపు కోమల అనే గాయని ముందుకొచ్చి, ఈ పాటను నేను మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, 'రేలా రే రేలా' కార్యక్రమంలో పాడాను అన్నారు. పల్లవి జానపదానిది, చరణాలు నేను రాసినవి, జానపదం అందరిదీ అని రచయిత అన్నారు. వాదన పెరిగాక దర్శకుడు శేఖర్ కమ్ముల కోమలకు పేరూ డబ్బూ రెండూ ఇస్తామని ప్రకటించారు. మంచిది. కానీ మేము ఈ గొడవను ఇంకోలా చూస్తున్నాం. రచయిత పేరుంది, గాయని పేరుంది, సంగీతం కట్టినవారి పేరుంది, గొడవపడితే సేకరించినామె పేరూ వచ్చింది. ఆ అమ్మమ్మ పేరు ఏది? ఆమె ఎవరి దగ్గర నేర్చింది? నాట్లల్లో నేర్చిందా, పెండ్లిలో నేర్చిందా? అంత గొడవలో ఈ మాట అడిగినవాళ్లు మాకు కనపడలేదు.

అశోక్‌తేజ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. జానపదం అందరిదే. అందరిదైనప్పుడు లాభం మాత్రం ఎప్పుడూ కొందరిదే ఎందుకవుతుందన్నది ప్రశ్న. ఊరుమ్మడి చెరువు అందరిదే. మోటారు ఉన్నవాడు తోడుకున్నంత అందరూ తోడుకోలేరు.

పేరు దక్కిన కేసు ఒకటి మన జిల్లాలోనే ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య. మన తెగ కాదు, డక్కలి కులం. కానీ నల్లమల అంచున తిరిగి పాడిన మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగోళ్ల సాయన్న కథ పాడుతాడు. ఉన్నోడిని దోచి లేనోడికి పెట్టిన సాయన్న ఈ పాలమూరు గడ్డవాడే. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు తమన్ ఆయనతో ముందుమాటగా పాడించారు. ఆ గొంతు లేచిన తర్వాతే పాట లేస్తుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో ఆయన కట్టడం పనిలో కూలి చేస్తున్నాడని పత్రికల్లో ఫొటో వచ్చింది. పేరు ఒక్కటే వస్తే సరిపోదని దాన్ని చూసైనా తెలుసుకోవాలి. ఇంకొక సంగతి. సినిమా హీరోకు పెట్టిన పేరు భీమ్లా నాయక్, తండా పేరు. పాట మొదట్లో కిన్నెర. పేరు తండా నుంచి, గొంతు డక్కలోళ్ల నుంచి. సాయన్న కథ రాత్రంతా పాడితేగానీ తెగదు. సినిమాకు కావలసింది అందులోని ఒక రుచి మాత్రమే. చెట్టు కొట్టకుండా ఆకు తెంపుకున్నట్టు తీసుకున్నారు. అది తప్పని మేము అనం. కానీ ఆకు చూసినవాళ్లు చెట్టును చూశామనుకుంటున్నారు.

స్మిత దగ్గరికి మళ్లీ ఒక్కసారి పోవాలి. 2016లో ఆమె 'బాహా కిలికి' అనే పాట చేశారు. 'బాహుబలి'లో కాలకేయులనే అడవి మూక మాట్లాడే కిలికి భాష ఉంది కదా, ఆ భాషను వాడిన పాట. సినిమాలో వాళ్లను ఎట్లా చూపించారో మనందరం చూశాం. నల్లగా పూసి, గోచీలు పెట్టి, అరుపులు అరిపించి. ఆ అరుపులకు కూడా తమిళ రచయిత మదన్ కార్కి కూర్చొని వందల మాటలు కల్పించారు, వ్యాకరణం కూడా కట్టారు. ఆయన తెలివికి దండం పెట్టవచ్చు. మా కడుపుమంట ఇంకొకటి. లేని తెగకు భాష కల్పించి, ఆ భాషకు కర్త పేరు రాసి, దాంట్లో పాప్ పాట కూడా వచ్చింది. ఉన్న తెగలు మాట్లాడే గోర్‌బోలి, ఎరుకల భాషల్లో అమ్మమ్మలు కట్టిన పాటలకు కర్త పేరు రాయాలంటే మాత్రం 'ట్రెడిషనల్' అనే ఒక్క మాటతో సరిపెడతారు.

సరిపెట్టేది బయటివాళ్లే అయితే ఈ వ్యాసాన్ని ఇక్కడితో ఆపేవాళ్లం. మన పిల్లలు కూడా అదే చేస్తున్నారు. తండాల్లో ఇప్పుడు ఫోను, ఒక చిన్న మైకు, మిక్సింగ్ నేర్చిన కుర్రాడు ఉంటే చాలు, స్టూడియో ఉన్నట్టే. వాళ్ల మీద మాకు చిన్నచూపు లేదు. ఇరవై ఏండ్ల కింద స్మిత ఆల్బం వేయాలంటే కంపెనీ కావాలి. ఇవ్వాళ కల్వకుర్తి దగ్గర తండా పిల్లవాడు సొంతంగా వేస్తున్నాడు. అది గర్వపడే మాటే. కానీ ఆ వీడియోల కింద చూడండి. నిర్మాత, కెమెరా, ఎడిటింగ్, డీజే, పోస్టర్, థాంక్స్ అని పది పేర్లు ఉంటాయి. పాట దగ్గర 'సేకరణ' అని ఒక పేరు. ఎవరి నుంచి సేకరించారో ఉండదు.

ఢావ్లో సంగతి చూడండి. పెండ్లయి అత్తగారింటికి పోయే పిల్ల తల్లినీ తోడబుట్టినవాళ్లనూ పట్టుకొని ఏడుస్తూ పాడే పాట అది. మాట, ఏడుపు రెండూ కలిసి ఉంటాయి. ఊపిరి తెగినచోట పాట తెగుతుంది. తాళం ఉండదు, ఉండటానికి వీల్లేదు. ఈ ఢావ్లోను డీజే దెబ్బ మీద పెట్టిన పాటలు మేము విన్నాం. ఏడుపు తీసేసి రాగం ఉంచుకున్నారు. ఊపిరి తెగే చోట డ్రమ్ము నింపారు. ఈశ్వరి విరుపును యంత్రం చదును చేసిందని పైన రాశాం. అక్కడ పోయింది ఒక గాయని అల్లరి. ఇక్కడ పోయింది పాట పుట్టిన కారణమే. 'మసక మసక' రీమిక్స్ విన్నవాడికి పాతది వినాలనిపిస్తే అది దొరుకుతుంది, రికార్డు ఉంది, పోల్చి చూసుకోవచ్చు. డీజే ఢావ్లో విన్న పిల్లవాడికి పాత ఢావ్లో ఎక్కడ దొరుకుతుంది? పాడే అవ్వ ఉన్నన్ని రోజులే. అసలు లేకుండా నకలే మిగిలితే దాన్ని రెట్రో అనడానికి లేదు. రెట్రో అనాలంటే వెనక ఒకటి నిలబడి ఉండాలి.

హోళీ లేంగీ పాటల సంగతి వేరు. అవి ఎగరడానికే పుట్టినవి, డీజే మీద అంత చెడిపోవు. తీజ్ పాటలు కూడా కొంతవరకు తట్టుకుంటాయి. ఏ పాటకు ఏ దెబ్బ సరిపోతుందో తెలుసుకోవాలంటే ఆ పాట ఏ సందర్భానిదో తెలియాలి. చెంచు పెంటల్లో పాటల గురించి మేము ఎక్కువ రాయడం లేదు. అది అమ్రాబాద్ వైపు బడి చెప్పే మన సార్లే రాయాలి, వాళ్లే బాగా ఎరుగుదురు.

మన పెద్దల్లో కొందరు ఒక మాట అంటారు. పాట గుంపుది, ఒకరి పేరు రాస్తే గుంపును తెంపినట్టు అవుతుంది, పేర్లు రాసుకోవడం పట్నపోళ్ల బుద్ధి అని. ఇది తీసిపారేసే మాట కాదు. నాట్ల పాటలో ఒకామె ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. ఒకామె ఒక మాట మారిస్తే మరుసటి ఏడు అదే పాట. అక్కడ కర్త ఎవరని గీత గీయడం కష్టం. ఒక్క అవ్వ పేరు రాసి మిగతావాళ్లను తుడిచేస్తే అదీ అన్యాయమే. కానీ పేర్లు మనకు అలవాటు లేనివని మాత్రం మేము ఒప్పుకోం. లంబాడీల ఇండ్లకు వచ్చే ఢాడీలు ఏం పాడతారు? తాత పేరు, ముత్తాత పేరు, గోత్రం, ఎవరి కొడుకు ఎవరు, పాడేదంతా పేర్లే. ఇన్ని తరాల పేర్లను రాత లేకుండా గొంతులో దాచుకున్నవాళ్లం మనం. మనకు కర్తలు ఉండరు అన్నది మన సంప్రదాయం నుంచి వచ్చిన మాట కాదు. మన పాట తీసుకుపోవాలనుకున్నవాళ్లకు పనికొచ్చే మాట.

పేరు రాయడమంటే పట్టా ఇవ్వడం కాదు. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ లాంటిది అది. సొంతదారు ఎవరన్నది తేలకపోయినా, ఇదిగో ఈమె గొంతులో ఈ పాట బతికింది అని రాయడం. చట్టం కూడా ఇందుకు ఒక దారి ఇచ్చింది, మనవాళ్లలో చాలామందికి తెలియదు. పాట ఎవరిదైనా కావచ్చు, అది పాడిన మనిషిని చట్టం ప్రదర్శకురాలిగా గుర్తిస్తుంది. ఆమె ఒప్పుకోకుండా ఆమె పాడిందాన్ని రికార్డు చేసి అమ్ముకోవడానికి వీల్లేదు. పాడిన ఏడాది నుంచి యాభై ఏండ్లు ఆ హక్కు ఉంటుంది. 2012 సవరణతో, పాడింది నేనని గుర్తించమని అడిగే హక్కు కూడా చేరింది. ఫోను ముందు కూర్చొని ఢావ్లో పాడిన అవ్వకు సినిమా గాయనికి ఉన్న హక్కే ఉంది. తాళానికి పట్టా లేదని పైన చెప్పుకున్నాం, జాతి ఒంట్లో ఉన్నదానికి చట్టం గుడ్డిదని చెప్పుకున్నాం. గొంతు విషయంలో మాత్రం అంత గుడ్డిది కాదు.

బడి చెప్పేవాళ్లకు ఇందులో పని ఉంది. ప్రాజెక్టు పని పేరుతో పిల్లలతో మనం పొడుపుకథలు, సామెతలు, పాటలు రాయిస్తూనే ఉన్నాం. చార్టు మీద పాట ఉంటుంది, కింద రాసుకొచ్చిన పిల్ల పేరు, తరగతి ఉంటాయి. ఇంకో నాలుగు గీతలు కొడితే చాలు. పాడినవారు ఎవరు, వయసు ఎంత. ఎవరి దగ్గర నేర్చారు, ఆ మనిషిది ఏ తండా, ఏ పెంట. పెండ్లికా, నాటుకా, తీజ్‌కా, చావుకా. ఎవరెవరు గొంతు కలుపుతారు. గుంపు పాటైతే గుంపు పేర్లే రాయించండి, పదిమందైతే పదిమందివీ. భాష గోర్‌బోలి అయితే తెలుగు లిపిలో పలికినట్టే రాయించండి, తెలుగు చేసి రాయించవద్దు. తెలుగు చేసే పని తర్వాత ఎవరైనా చేస్తారు.

రికార్డు చేసే తమ్ముళ్లు, చెల్లెండ్లు రెండు ఫైళ్లు పెట్టుకోండి. డీజే దెబ్బ పెట్టినది జనానికి వదలండి, ఎగరండి, మాకేమీ అభ్యంతరం లేదు. దెబ్బ పెట్టకముందుది, అవ్వ దగ్గుతో, కోడి కూతతో సహా, అట్లాగే ఉంచండి. ఢావ్లో అయితే ఆ పిల్ల ఊపిరి తీసుకున్న చోట్లు కోసేయవద్దు. ఎడిటింగ్ చేసే కుర్రవాళ్లు ముందు కోసేది వాటినే.